గోడ మీద క్యాలెండర్‌కి పాస్‌వర్డ్ లేదు

మా ఇంట్లో ఐదుగురం. పనులు గుర్తుపెట్టుకునే పద్ధతులూ ఐదే.

నాయనమ్మ కొంగుకి ముడేస్తుంది. ఒక ముడి, ఒక పని. సాయంత్రానికి రెండు ముళ్లు పడ్డాయంటే మొదటిది దేనికో ఆమెకే తెలీదు. అమ్మది వంటింటి గోడకి వేలాడే క్యాలెండర్. తిథులు, వర్జ్యాలు ఉండే పెద్ద గళ్ల క్యాలెండర్ ఉంటుంది కదా, అదే. దాని మేకుకే దారంతో కట్టిన పెన్ను. నాన్నది చొక్కా జేబులో పట్టే బుల్లి పుస్తకం. కొత్త సంవత్సరానికి ఎరువుల కొట్టువాళ్లు ఇస్తారే, ఆ డైరీ. తమ్ముడు తనకు తానే వాట్సాప్ మెసేజ్‌లు పెట్టుకుంటాడు. 2022 నవంబరులో ఆ సదుపాయం వచ్చినప్పటి నుంచి వాడితో ఎక్కువ మాట్లాడేది వాడే. ఇక నేను: గూగుల్ కీప్, గూగుల్ టాస్క్స్, ఫోన్ క్యాలెండర్, మధ్యలో ఓ మూణ్నెల్లు నోషన్. ఇవి చాలవన్నట్టు చుక్కల గీతలున్న ఓ ఖరీదైన నోట్‌బుక్. దాంట్లో మొదటి పదకొండు పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలు. పన్నెండో పేజీ నుంచి తెల్ల కాగితం.

మాది వెల్దుర్తి. కర్నూలు వైపుదీ కాదు, మెదక్‌ వైపుదీ కాదు. పల్నాడు జిల్లాలో మాచర్ల వైపుండే వెల్దుర్తి. మిర్చి, పత్తి, కంది.. ఇవే మా బతుకు. నేను ఊళ్లోనే ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతాను. ఇంటర్‌కి వెళ్లిన పాత స్టూడెంట్స్, నా ఫ్రెండ్స్ కూడా తరచూ అడిగేది ఒకటే. ‘పనులు రాసుకోవడానికి ఏ యాప్ మంచిది? లేకపోతే బుక్కే బెటరా?’

యూట్యూబ్‌లో ఈ ప్రశ్నకి వందల జవాబులు దొరుకుతాయి. అన్నీ ఒక ఏసీ గది, ఒక టేబుల్, ఒంటరిగా కూర్చున్న ఒక మనిషి అన్న లెక్కలో చెప్పినవే. మా ఇంట్లో ‘నా పని’ అని ఒకరికే చెందిన పని రోజుకి రెండో మూడో ఉంటాయేమో. మిగతావన్నీ నలుగురి చేతులు పడేవే. అందుకని ఆ జవాబులు మాకు సగమే పనికొస్తాయి.

ఆ పది రోజులు

గత ఏడాది ఫిబ్రవరిలో నాన్నకి జ్వరం ముదిరి ఊపిరితిత్తులకి నెమ్ము చేరింది. గుంటూరు తీసుకెళ్లాం. నాలుగు రోజులు ఐసీయూ, ఆ తర్వాత ఆరు రోజులు వార్డు. అమ్మ ఆయన దగ్గరే ఉండిపోయింది. ఊళ్లో నేనూ, తమ్ముడూ, నాయనమ్మా.

సీజన్ ఎలాంటిదో మిర్చి వేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మొదటి కోత కాయ కల్లంలో ఆరుతోంది. రెండో కోతకి కూలీల ముఠాని మాట్లాడి ఉంచారు. పట్టలు ఎవరి దగ్గరో అద్దెకి తెచ్చారు. మధ్యలో ఒక మందు కొట్టాలి. బ్యాంకులో పంట రుణం రెన్యువల్ దగ్గర పడింది. ఇవన్నీ ఎవరికి తెలుసు? నాన్నకి. ఆయన మాట్లాడే స్థితిలో లేరు.

మొదట వంటింటి గోడ దగ్గరికెళ్లాను. అమ్మ పనులు అమ్మని అడక్కుండానే అర్థమైపోయాయి. 11న సంఘం కంతు. 14 గడిలో చిన్న చుక్క: నాయనమ్మ బీపీ మాత్రల అట్ట ఆ రోజుకి అయిపోతుంది. 17న కరెంటు బిల్లు. పాలు పోయించుకోని రోజులకి సున్నా. గ్యాస్ బండ ఎప్పుడు పెట్టారో దాని గుర్తు. అమ్మ గుంటూరులో ఉంది, ఇల్లు మాత్రం ఆమె ఉన్నట్టే నడిచింది. పనిని మా చేతుల్లో పెట్టి వెళ్లడానికి ఆమె ఒక్క మాట కూడా చెప్పాల్సిన అవసరం రాలేదు.

తర్వాత నాన్న పుస్తకం తెరిచాం. ‘ద.ము. 14 - 2వే’ అని ఉంది. కాసేపు చూస్తే తెలిసింది, దక్షిణం వీధి ముఠా, పద్నాలుగు మంది, రెండు వేలు అడ్వాన్స్. బావుంది. కానీ ఎప్పుడు రమ్మన్నారో లేదు. ‘బ్యా. 19’ అని ఇంకో చోట. బ్యాంకుకి 19వ తేదీయా? తమ్ముడు పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకెళ్లి అడిగాడు. గడువు 27 అన్నారు. మరి 19 ఏంటి? నాన్న ఇంటికొచ్చాక నవ్వి చెప్పారు. బ్యాటరీ స్ప్రేయర్. 19న మావయ్యకి ఇస్తానన్నారట.

ఆ బ్యాంకు తేదీ సంగతి ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చెబుతాను, లెక్కల టీచర్ని కదా. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే అందులో 3 శాతం ప్రోత్సాహకంగా తగ్గుతుంది, అంటే 4 శాతమే పడుతుంది. మాది 2 లక్షల లోను. ఒక్క తేదీ దాటిపోతే ఏడాది మీద 6 వేలు. ఆ తేదీ గుర్తుచేస్తూ బ్యాంకు నుంచి ఎస్సెమ్మెస్ వచ్చే ఉంటుంది. నాన్న ఫోన్‌కి. ఆ ఫోన్‌కి ప్యాటర్న్ లాక్. ప్యాటర్న్ ఎవరికీ తెలీదు.

అప్పుడు తట్టింది నాకు. కాగితమా, ఫోనా అన్నది రెండో ప్రశ్న. ఈ పని ఇంకెవరికి కనబడాలి అన్నది మొదటి ప్రశ్న. గోడ మీద కాగితం నలుగురికీ కనబడింది. జేబులో కాగితం కాగితమే, కానీ ఒక్కరికే అర్థమయ్యేది. లాక్ వేసిన ఫోన్ సంగతి చెప్పేదేముంది? అది కూడా జేబులో పుస్తకమే, కాకపోతే కాస్త ఖరీదైంది.

గొలుసుకట్టు రాతలు

పాత ఇళ్లలో ఇనప్పెట్టె అడుగున దస్తావేజులు ఉంటాయి. మీ తాతల నాటివి ఎప్పుడైనా చూశారా? తెలుగే. కానీ ఒక్క ముక్క చదవలేం. అక్షరం అక్షరానికి తగిలించి, పెన్ను ఎత్తకుండా రాసుకుపోయే గొలుసుకట్టు రాత అది. రాసినవాడికి వేగం. చదవాల్సినవాడికి నరకం. ఊరి భూముల లెక్కంతా కరణం దగ్గర కవిలె కట్టల్లో ఉండేది. రైతుకి తన పొలం గురించి తెలియాలన్నా కరణం అరుగు దగ్గరికే వెళ్లాలి. 19వ శతాబ్దం మొదట్లో కావలి సోదరుల్లాంటి వాళ్ల సాయంతో కాలిన్ మెకంజీ రాయించిన ఊళ్ల కైఫియత్తుల్లో చాలావాటికి ఆధారం ఈ కరణాల రికార్డులే. చరిత్రకి అదో మేలు. ఊళ్లో మాత్రం, కాగితం ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థని రద్దు చేసింది. ఇప్పుడు అడంగల్ ఫోన్‌లోనే చూసుకుంటున్నాం.

ఇదంతా ఎందుకంటే, కాగితం అనగానే అందరికీ అందుబాటులో ఉండేది, ఫోన్ అనగానే మూసుకుపోయేది అని తేల్చేయకూడదు. ఒకప్పుడు కాగితమే తాళం. ఇప్పుడు ఫోన్ ఆ పని చేస్తోంది.

ఆ లెక్కల పుస్తకాల పేర్లు కూడా భలే ఉంటాయి. రోజువారీ వచ్చింది వచ్చినట్టు రాసుకునేది చిట్టా. దాంట్లోంచి పద్దుల వారీగా విడదీసి ఎక్కించేది ఆవర్జా. అమెరికాలో డేవిడ్ అలెన్ అనే ఆయన 2001లో పనుల నిర్వహణ మీద పుస్తకం రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. ఆయన చెప్పినదాంట్లో కీలకం ఏంటంటే, బుర్రలోకి వచ్చిందల్లా ముందు ఒకచోట పడేయండి, తీరిగ్గా కూర్చుని తర్వాత విడదీయండి. మన కోమటి కొట్లో గుమస్తా అది రోజూ చేసేవాడు. దానికి సబ్‌స్క్రిప్షన్ లేదు.

రాస్తే గుర్తుంటుందా?

‘చేత్తో రాస్తేనే బుర్రకెక్కుతుంది’ అని మా హెడ్‌మాస్టారు ఇప్పటికీ అంటారు. ఆయన మాటకి ఎంత బలం ఉందో చూద్దామని కాస్త చదివాను.

మన విషయానికి దగ్గరగా ఉన్నది 2021లో టోక్యో యూనివర్సిటీ వాళ్లు చేసిన ప్రయోగం. 18 నుంచి 29 ఏళ్ల మధ్య ఉన్న 48 మందిని మూడు జట్లు చేశారు. ఒక కల్పిత సంభాషణ ఇచ్చి, అందులోని క్లాసులు, అసైన్‌మెంట్ గడువులు, అపాయింట్‌మెంట్లు మొత్తం 14 విషయాల్ని క్యాలెండర్‌లో రాసుకోమన్నారు. ఒక జట్టుకి కాగితం డైరీ, ఒక జట్టుకి ట్యాబ్, ఒక జట్టుకి ఫోన్. కాగితం జట్టు దాదాపు 11 నిమిషాల్లో ముగించింది. ట్యాబ్ జట్టుకి 14, ఫోన్ జట్టుకి 16 నిమిషాలు పట్టింది. గంట తర్వాత వాళ్లని ఎమ్మారై స్కానర్‌లో పడుకోబెట్టి ఆ తేదీల గురించే అడిగితే, జ్ఞాపకానికి సంబంధించిన మెదడు భాగాలు కాగితం వాడినవాళ్లలో ఎక్కువ చురుగ్గా కనిపించాయి. కాగితం మీద ‘ఫలానా పేజీలో, కుడివైపు పైన, కొట్టేసి పక్కన రాశాను’ అని చోటుతో సహా గుర్తుంటుంది, స్క్రీన్ మీద అన్నీ ఒకేలా జారిపోతాయి అని వాళ్ల వివరణ. నలభై ఎనిమిది మందితో లోకం మొత్తాన్ని తేల్చలేం గానీ, అమ్మ మాత్రం ఇది విని ఆశ్చర్యపోలేదు. ‘సంఘం తేదీ ఎప్పుడంటే నాకు ఆ గడిలో నూనె మరక కనబడుద్ది’ అంది.

క్లాస్ నోట్స్ విషయంలో ల్యాప్‌టాప్ కంటే పెన్నే మేలని 2014లో వచ్చిన పరిశోధన ఇంకా ఫేమస్. దాన్ని తర్వాత మళ్లీ చేసి చూసినవాళ్లకి అంత తేడా దొరకలేదు. ఈ సంగతి హెడ్‌మాస్టారికి నేనింకా చెప్పలేదు.

నాకు బాగా నచ్చింది మరొకటి. 2018లో అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ వాళ్లు 57 మంది కుర్రాళ్లని నిద్ర ల్యాబ్‌లో పడుకోబెట్టారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు సగం మంది రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాయాలి. మిగతా సగం అప్పటికే చేసేసిన పనులు రాయాలి. చేయాల్సినవి రాసినవాళ్లు సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. నేనైతే ఉల్టాగా ఉంటుందనుకున్నాను. మిగిలిపోయిన పనులు తలచుకుంటే నిద్ర పడుతుందా ఎవరికైనా? కానీ రాయడమంటే తలచుకోవడం కాదు, దింపేయడం. నెత్తి మీద గంప దింపినట్టు.

మోగేది ఫోనే

ఇంతా చెప్పి, కాగితానికి ఒక ఘోరమైన లోపం ఉంది. అది మోగదు.

ఐసీయూ నుంచి వచ్చాక నాన్నకి ఆరు రకాల మాత్రలు, రోజుకి నాలుగు వేళలు. అవి గోడ మీద రాస్తే సరిపోదు. ఫోన్‌లో అలారం పెట్టాం, ఒక్కోదానికి ఒక్కో పాట. పొద్దున ఎనిమిదింటికి మోగే పాట వింటే ఇప్పటికీ నాన్న మొహం అదోలా పెడతారు. గంట, నిమిషం ఉన్న పనులన్నీ ఫోన్‌కే. దీంట్లో నాకు రెండో మాట లేదు. పదిహేను రోజులకోసారి, నెలకోసారి మళ్లీ మళ్లీ వచ్చేవి కూడా అంతే. గోడ మీద అవి పన్నెండుసార్లు రాయాలి, ఫోన్‌లో ఒక్కసారి.

ఫొటో ఇంకో వరం. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు వచ్చి మిర్చి తోటల్ని ఎలా ఊడ్చేసిందో మా వైపు ఎవరిని అడిగినా చెబుతారు. అప్పటి నుంచి ఏ మందు ఎప్పుడు కొట్టాం అన్నది గుర్తుండటం చాలా అవసరమైపోయింది. ఒకే రకం మందు వరసగా కొడితే పురుగు దానికి అలవాటు పడిపోతుంది. నాన్న పుస్తకంలో ఆ కాలమ్ తీరు ఇదీ: ‘28 - అదే మందు.’ ఏది అదే? పాకలో పడి ఉన్న ఖాళీ సీసాల్ని బట్టి తమ్ముడు కనిపెట్టాడు. ఇప్పుడు మందు కొట్టిన రోజు సీసా లేబుల్ ఫొటో తీసి కీప్‌లో పడేస్తాడు, తేదీ దానంతటదే పడుతుంది. ఆ నోట్ మా ముగ్గురి ఫోన్లలోనూ కనిపిస్తుంది. ఇది పెన్నుతో అయ్యే పని కాదు.

వాన కబురు కూడా ఫోన్‌దే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. రెండు రోజుల ముందు నుంచే ఫోన్లు మొత్తుకోబట్టి తీసిన పత్తి ఇంట్లోకి చేర్చుకున్నాం. క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో రాహుకాలం మాత్రమే ఉంది.

మరి ఫోన్‌తో పేచీ ఎక్కడ? రిమైండర్ చూద్దామని తీస్తే పైన నాలుగు నోటిఫికేషన్లు. అరగంట తర్వాత మీరు ఏదో వంటల రీల్‌లో తేలతారు. ఇది మీకూ తెలిసిందే, దీని మీద నేను ఉపన్యాసం ఇవ్వను. కొన్ని ఫోన్లలో బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్ వల్ల రిమైండర్ యాప్ నిద్రపోతుంది, మోగాల్సిన టైముకి మోగదు. మీరు వాడే యాప్‌కి సెట్టింగ్స్‌లో ఆ నియంత్రణ తీసేసి ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఇంకొకటి, యాప్ మనది కాదు. వండర్‌లిస్ట్ అని కోటి మందికి పైగా వాడిన పనుల యాప్ ఉండేది. మైక్రోసాఫ్ట్ 2015లో కొనుక్కుంది, 2020 మే 6న మూసేసింది. ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచితంగా వాడుకునేవాళ్లకి 50 నోట్లే అని గిరి గీసింది. గోడ క్యాలెండర్ కూడా డిసెంబరు 31న అయిపోతుందనుకోండి. కానీ అది ముందే చెప్పి అయిపోతుంది.

తమ్ముడి పద్ధతి గురించి కూడా ఒక ముక్క. తనకు తాను పెట్టుకునే మెసేజ్ రాసేటప్పుడు హాయిగా ఉంటుంది. మూడో రోజుకి పైకి వెళ్లిపోతుంది, అంతే సంగతులు. అది చిట్టా మాత్రమే, ఆవర్జా లేదు.

తిరిగి రాయడంలో ఒక కిటుకు

న్యూయార్క్‌లో ఉండే రైడర్ కారల్ అనే డిజైనర్ 2013లో బుల్లెట్ జర్నల్ అనే పద్ధతిని జనానికి పరిచయం చేశారు. నా చుక్కల నోట్‌బుక్ ఆ ప్రభావమే. ఇన్‌స్టాలో దాన్ని పూలూ తీగలూ గీసే పోటీగా మార్చేశారు గానీ అసలు విషయం చాలా సాదా. నెలాఖర్లో మిగిలిపోయిన పనుల్ని కొత్త పేజీలోకి చేత్తో తిరిగి రాయాలి. విసుగొస్తుంది. రావాలనే. మూడోసారి రాసేటప్పుడు ‘అసలిది చేస్తానా’ అని చెయ్యి ఆగుతుంది. కొట్టేస్తాం. ఫోన్‌లో ఆ విసుగు లేదు. గడువు దాటిన పనులు ఎర్రగా అలాగే ఏళ్ల తరబడి ఉంటాయి, మనకి కళ్లు అలవాటు పడిపోతాయి.

ఏళ్ల తరబడి టిక్ పడని పని అంటే మా ఊళ్లో అందరికీ గుర్తొచ్చేది వరికపూడిశెల ఎత్తిపోతల. కృష్ణమ్మ ఇంత దగ్గర్లో పారుతుంటే మా మెట్ట పొలాలకి నీళ్లివ్వాలన్నది ఏ పార్టీ జాబితా తీసినా ఉండే మాట. 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన కూడా జరిగింది. ఇది యాప్ సమస్య కాదు కాబట్టి ముందుకెళ్దాం.

పుస్తకంలో ఇంకో గీత

నాన్న పుస్తకం గురించి ఒకటి దాచాను. ఇప్పుడు చెబుతాను.

ముఠా తేదీ కోసం పేజీలు తిప్పుతుంటే ప్రతి నెలా 5వ తేదీ దగ్గర ఒకే మాట కనిపించింది. ‘వ. 3రూ - 50.’ దీనికి పెద్దగా బుర్ర పెట్టక్కర్లేదు. యాభై వేలు, మూడు రూపాయల వడ్డీ. నెలకి పదిహేను వందలు, ఏడాదికి పద్దెనిమిది వేలు. ఎప్పటి నుంచి కడుతున్నారో లెక్కేస్తే తమ్ముడి కాలేజీ ఫీజు కట్టిన నెల నుంచి. అమ్మకి తెలీదు. మాకూ తెలీదు. ఆయన ఐసీయూలో ఉన్నారు, నేను ఇంట్లో ఆయన జేబు చదువుతున్నాను.

చాలాసేపు ఆ పేజీ దగ్గరే కూర్చున్నాను. ఆ పొట్టి అక్షరాలు ఆయన బద్ధకం అనుకున్నాను అంతవరకు. సగం బద్ధకమే. మిగతా సగం తాళం. ఆయనకి అందరికీ చూపించాల్సిన పనులూ ఉన్నాయి, ఎవరికీ చూపించదలచుకోని పనులూ ఉన్నాయి. రెండూ ఒకే పుస్తకంలో, ఒకే గొలుసుకట్టులో పెట్టడం వల్ల ముఠా తేదీ కూడా అప్పుతో పాటు రహస్యమైపోయింది.

అందుకే ‘అన్నీ గోడ మీద రాసేయండి’ అని నేను చెప్పలేను. ఇంట్లో అందరి ముందూ పరిచేయలేనివి ప్రతి మనిషికీ ఉంటాయి. మీ ఫోన్‌లో లేవా? ఆ అప్పు మిర్చి అమ్మిన డబ్బుతో మేలో తీరింది. అమ్మకి ఆయనే చెప్పారు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు, మూడో రోజు గొడవ, నాలుగో రోజు మామూలే. ఆయన్ని అడిగే ఇది రాస్తున్నాను. ‘రాయి, తీరిపోయిందిగా. తీరకపోతే రాయనిచ్చేవాణ్ణి కాదమ్మాయ్’ అన్నారు.

ఇప్పుడు మా ఇంట్లో ఏది ఎక్కడ ఉంటుందంటే, డబ్బు తేదీలు, మనుషులకి ఇచ్చిన మాటలు గోడ మీద. ముఠా ఎప్పుడొస్తుంది, పట్టలు ఎవరివి, ఎప్పుడు తిరిగివ్వాలి, బ్యాంకు గడువు, సంఘం కంతు. పూర్తి మాటల్లో రాయాలని నియమం. ‘బ్యా.’ అని రాస్తే అమ్మ ఊరుకోదు. గంట, నిమిషం ఉన్నవి ఫోన్‌లో మోగుతాయి. ఫొటోలు, మందుల లెక్క ముగ్గురం చూసే కీప్ నోట్‌లో. రాత్రి అన్నాలయ్యాక ఐదు నిమిషాలు నాన్న తన పుస్తకం చూసి రేపటివి పైకి చదువుతారు, ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్లు గోడ మీద ఎక్కిస్తారు. ఏవి చదవాలో, ఏవి మింగేయాలో ఆయన ఇష్టం. మేం తొంగిచూడం. ఆ పుస్తకంలో పొట్టి అక్షరాల అర్థాలు మాత్రం ఆఖరి పేజీలో రాయమన్నాను. రాశారు. ఆ పేజీ ఉందని అమ్మకి చెప్పారు. ఫోన్ ప్యాటర్న్ కూడా ఇంట్లో ఒక్కరికి చెప్పారు, ఎవరికో నేను రాయను.

అమ్మ కూడా కొంచెం కదిలింది. తెలుగులో మాట్లాడితే టైపయ్యే సదుపాయం గూగుల్ 2017లోనే ఇచ్చింది. అమ్మ మొన్న మొన్న మొదలుపెట్టింది. పొలంలో ఉండగా గుర్తొచ్చింది ఫోన్‌కి చెబుతుంది, ఇంటికొచ్చి గోడ మీద రాస్తుంది. రెండుసార్లు ఎందుకమ్మా అంటే, ‘ఫోన్ మీతో పాటు బయటికి పోద్ది. గోడకి కాళ్లు లేవు’ అంటుంది. నాయనమ్మ పద్ధతిలో మార్పేమీ లేదు. కాకపోతే ముడేసేటప్పుడు దేనికో మాలో ఒకరికి చెబుతోంది.

మీలో చాలామంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టల్ గదిలో ఉండి ఇది చదువుతుంటారు. మీకు వంటిల్లూ లేదు, మేకు కొట్టుకునే గోడా లేదు, మేకు కొడితే వార్డెన్ ఊరుకోరు. బీరువా తలుపు లోపలి వైపు వాడుకోండి. ఒక కాగితం, నెలలో మీరు డబ్బు కట్టాల్సిన తేదీలు, మీరు ఒకరోజు పడిపోతే రూమ్మేట్‌కి తెలియాల్సిన నాలుగు విషయాలు, ఇంట్లో వాళ్ల నంబర్. ఫోన్ లాక్ పడి ఉన్నా అది చదవొచ్చు. మిగతావన్నీ మీకు నచ్చిన యాప్‌లో పెట్టుకోండి, ఏదైనా పర్లేదు.

ఏటీఎం పిన్ మాత్రం అక్కడ రాయకండి. మా ఎదురింటాయన క్యాలెండర్‌లో ఉంది. ఎర్ర పెన్నుతో, చుట్టూ గుండ్రంగా గీసి, కింద ‘ముఖ్యం’ అని.